మోకాలి మీద నురగ ఏం చెబుతోంది?



హిందూపురంలో గ్రౌండులో కబడ్డీ ఆడినా, పెనుకొండ కోట రాళ్లెక్కి దిగినా పిల్లల మోకాళ్లు గీరుకుపోవడం మామూలే. ఇంటికి రాగానే చాలామంది మందుల డబ్బాలోంచి తీసేది హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా. పోయగానే తెల్లగా నురగ పొంగుతుంది. "చూడు, క్రిములన్నీ చస్తున్నాయి" అని పిల్లలకు ధైర్యం చెబుతాం. నిజానికి మన రక్తంలో, కణాల్లో ఉండే కాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడును నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజన్ బుడగలే నురగ. ఒక్క క్రిమి కూడా లేని రక్తం మీద పోసినా అలాగే పొంగుతుంది.

ధర్మవరంలో పట్టు పనితో సంబంధం ఉన్నవారికి ఈ ద్రావణం కొత్తది కాదు. పట్టు నూలును తెల్లబరచడానికి వాడే రసాయనాల్లో ఇదొకటి. రంగు పదార్థాన్ని ఆక్సీకరణం చేసి పోగొడుతుంది. మీ పిల్లలు కెమిస్ట్రీలో చదివే ఆక్సీకరణి అంటే ఇదే.

ఆశ్చర్యం ఏమిటంటే, మన శరీరం కూడా దీన్ని తయారుచేసుకుంటుంది. 2009లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు జీబ్రా చేప పిల్లల తోక చివర చిన్న గాయం చేసి చూశారు. ఆ చేప పిల్లల ఒళ్లు పారదర్శకం, లోపల కణాలు కదలడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. దాదాపు 3 నిమిషాల్లోనే గాయం అంచున పెరాక్సైడ్ పెరగడం మొదలైంది, 20 నిమిషాలకు గరిష్ఠానికి చేరింది. దాన్ని తయారుచేసింది అక్కడి చర్మ కణాలే. ఆ తయారీని ఆపితే తెల్ల రక్తకణాలు గాయం వైపు సరిగా రాలేదు. అంటే అది పిలుపు.

ఆ పిలుపును వినేది ఎవరు? 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు జవాబు పట్టుకున్నారు. తెల్ల రక్తకణంలోని లిన్ అనే సంకేత ప్రోటీన్. అందులో 466వ స్థానంలో ఉన్న ఒక్క సిస్టీన్‌ను పెరాక్సైడ్ ఆక్సీకరణం చేస్తే లిన్ మేల్కొంటుంది, కణం గాయం వైపు కదులుతుంది. ఆ ఒక్క సిస్టీన్‌ను మారిస్తే కణానికి పిలుపు అందదు.

అయితే సీసా పోయడం మంచిదేగా అనిపించవచ్చు. ఇక్కడే మోతాదు చూడాలి. సీసాలోని 3 నుంచి 6 శాతం ద్రావణం గాయం దగ్గర శరీరం చేసుకునేదానికంటే వేల రెట్లు గాఢం. అది క్రిములతోపాటు పుండును మాన్పే కణాలనూ చంపుతుంది.

రోగనిరోధక సంకేతాల విషయంలోనూ అతి ప్రమాదమే. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, అమెరికాలోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో పరిశోధిస్తున్న తిరుమలాదేవి కన్నెగంటి బృందం 2021లో దీన్ని చూపింది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ తయారై, మన కణాలే చచ్చిపోతాయి. ఎలుకల్లో ఆ రెండింటినీ అడ్డుకుంటే ప్రాణాలు నిలిచాయి. "ఇమ్యూనిటీ ఎంత పెంచితే అంత మంచిది" అని టానిక్కులు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు!

గీరుకున్న చోట కుళాయి నీరు ధారగా పోసి, చుట్టూ సబ్బుతో కడిగి, ఇసుక పోయాక శుభ్రమైన గుడ్డ కట్టండి. లోతుగా తెగినా, మురికి ఇనుము గుచ్చుకున్నా టీటీ సంగతి డాక్టరును అడగండి. కుక్క కరిస్తే సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.