ట్రాక్టరు రేకు భాగాలపై తుప్పు: ఇంటివద్ద చేసుకోదగిన మరమ్మతు

వరి ప్రాంతాలలో ట్రాక్టరు దమ్ము నీటిలోను, ఎరువుల దుమ్ములోను పనిచేస్తుంది. అందువలన ఇంజను బాగున్నప్పటికీ మడ్‌గార్డులు, ఫుట్‌బోర్డు, బానెట్ అంచులు ముందుగా తుప్పుపడతాయి. తుప్పు పైపొరకే పరిమితమై ఉన్నప్పుడు రైతు తన ఇంటివద్దనే తక్కువ ఖర్చుతో దానిని సరిచేసుకోవచ్చు. ఉపేక్షిస్తే రేకునే మార్చవలసి వస్తుంది.

కారణాలు

ఇనుము తేమతోను, ప్రాణవాయువుతోను కలిసినప్పుడు తుప్పు ఏర్పడుతుంది. ఇది మూలలోహం కంటే ఎక్కువ ఘనపరిమాణం కలది కనుక పైనున్న రంగును ఉబ్బించి లేపుతుంది. ఆ ఉబ్బు కింద తేమ నిలిచి తుప్పు పక్కలకు పాకుతుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ప్రధానంగా పొటాషియం క్లోరైడ్. అందలి క్లోరైడ్ ఈ చర్యను వేగవంతం చేస్తుంది. యూరియా వంటి ఎరువులు గాలిలోని తేమను గ్రహించి రేకును తడిగా ఉంచుతాయి.

ముందు పరీక్ష

తుప్పుపట్టిన చోటును స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడాలి. రేకు గట్టిగా ఉంటే మరమ్మతు సాధ్యం. మొన లోపలికి దిగినా, లోహం పొరలుగా ఊడినా ఆ భాగాన్ని కోసి కొత్త రేకు అతికించవలసిందే. ఛాసిస్, ట్రాలీ డ్రాబారు, హిచ్ పిన్, బ్రేకు భాగాలపై లోతైన తుప్పును రంగుతో కప్పరాదు. బలహీనత కంటికి కనబడకుండాపోయి ప్రాణాపాయానికి దారితీస్తుంది. వాటిని మెకానిక్‌కు చూపించాలి.

మరమ్మతు విధానం

1. భాగాన్ని సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి.

2. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు ధరించాలి. పాత రంగులలో సీసం ఉండవచ్చు కనుక పిల్లలను, పశువులను దూరంగా ఉంచి, రాలిన పొడిని కాగితంపై సేకరించాలి.

3. ఉబ్బిన రంగును గీకి, వైర్ బ్రష్‌తోను, 80 నంబరు ఎమరీ పేపరుతోను మెరిసే లోహం కనబడేవరకు రుద్దాలి. తరువాత 180, 320 నంబర్లతో చుట్టూ ఉన్న రంగు అంచును చేతికి తగలనంత నునుపు చేయాలి.

4. చిన్న గుంటలలో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిగిన తుప్పు నివారిణిని డబ్బాపై సూచించిన విధంగా వాడాలి.

5. థిన్నరుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఆపై ఆ చోటును వట్టి చేతితో తాకరాదు. దరిదాపుల్లో నిప్పు, బీడీ, గ్రైండరు నిప్పురవ్వలు ఉండరాదు.

6. అదే రోజున ప్రైమరును పలుచగా రెండు పూతలు, అది ఆరిన తరువాత రంగును రెండు లేక మూడు పూతలు వేయాలి. వాన, మంచు కురిసే రోజులలో ఈ పని చేయరాదు.

తుప్పుమీదనే రంగు పూయడం సర్వసాధారణమైన పొరపాటు. అది కొద్దికాలం చక్కగా కనిపించినా, కింద చర్య ఆగదు. తిరిగి రంగు లేచేసరికి రేకు మరింత పలుచబడి ఉంటుంది.

నివారణ

దమ్ము చేసిన రోజున, ఎరువుల బస్తాలు మోసిన రోజున, సాయంత్రం కాకముందే మడ్‌గార్డుల లోపలి వైపును, ట్రాలీ అడుగును మంచినీటితో కడగాలి. నీరు కారే రంధ్రాలలో బురద పేరుకోనీయరాదు. ఫుట్‌బోర్డు మీది రబ్బరు పట్టాను అప్పుడప్పుడు ఎత్తి ఆరబెట్టాలి. తుప్పు చుక్క అణా బిళ్లంత ఉన్నప్పుడే గుర్తించిన రైతుకు ఒక పూట శ్రమతో పని ముగుస్తుంది.