ఇంటర్వ్యూ అయిపోయింది, ఇప్పుడేం చేయాలి?

పరవాడ ఫార్మాసిటీలో ఇంటర్వ్యూ ముగించుకున్న పిల్లలు సాయంత్రం అనకాపల్లి కాంప్లెక్సులో చోడవరం బస్సు కోసం నిలబడి ఉంటారు. చంకలో ఫైలు, అందులో పదో తరగతి మెమో మొదలు డిగ్రీ ప్రొవిజనల్ దాకా అన్నీ ఉంటాయి. సీటు దొరకగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటారు. నేను ఆపమనేది అక్కడే. లోపల ఏం అడిగారో, మీరేం చెప్పారో ఉన్నదున్నట్టు గుర్తుండేది ఆ కాస్సేపే. రాత్రి అన్నం తినేసరికి సగం పోతుంది. తెల్లారేసరికి "బానే చేశాను" అన్న ఒక్క ముక్క మిగులుతుంది.

బస్సులోనే రాసుకోండి

రెజ్యూమే జిరాక్సు ఒకటి మిగిలే ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పండి. ఇంటర్వ్యూ చేసినవాళ్ల పేర్లు, హోదాలు, అడిగిన ప్రశ్నలు, తడబడిన చోటు, జీతం గురించీ షిఫ్టుల గురించీ వాళ్లన్న మాట, ఎప్పటిలోగా చెబుతామన్నారో ఆ తేదీ, ఇవన్నీ రాసేయండి. అక్షరాలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

మా వీధిలో కెమిస్ట్రీతో బీఎస్సీ చేసిన అమ్మాయి ఒకర్తె ఉంది. క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) పోస్టుకి వెళ్లింది. మొలారిటీ, నార్మాలిటీ నిర్వచనాలు గడగడా చెప్పింది. "మరి సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మోలార్ ఉంటే ఎన్ని నార్మల్?" అనేసరికి నోట మాట రాలేదు. ఆ ప్రశ్నను బస్సులో రాసుకుని, ఇంటికొచ్చి పుస్తకం తీసింది. ఆ ఆమ్లం ఇవ్వగలిగే హైడ్రోజన్లు రెండు, కాబట్టి 2 నార్మల్. ఆ ఉద్యోగం రాలేదు. రెండు నెలల తర్వాత ఇంకో కంపెనీలో ఆక్సాలిక్ యాసిడ్ పేరుతో అదే ప్రశ్న ఎదురైంది. ఈసారి ఆగకుండా జవాబు చెప్పింది, లెక్క కూడా వేసి చూపించింది. ఆ కాగితం ఇప్పటికీ తన ఫైల్లోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఒక మెయిల్

ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చి ఉంటే దానికే రిప్లై ఇవ్వండి. పాత సంగతంతా కిందనే ఉంటుంది కాబట్టి మీరెవరో వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. నాలుగైదు వాక్యాలు చాలు. ఫలానా తేదీన ఫలానా పోస్టుకి ఇంటర్వ్యూకి వచ్చాను, సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు, పని గురించి మీరు చెప్పిన ఫలానా విషయం నాకు నచ్చింది, ఇంకేవైనా కాగితాలు కావాలంటే పంపుతాను. కింద పేరు, ఫోన్ నంబరు. తప్పు చెప్పిన జవాబు ఒకటుంటే, సరైన జవాబును ఒక్క వాక్యంలో కలపొచ్చు. నేర్చుకునే గుణం ఉందని దాంతో తెలుస్తుంది.

మన వైపు పిల్లలు దీన్ని కాకా పట్టడం అనుకుని సిగ్గుపడతారు. పనికి పిలిచిన మనిషికి మర్యాదగా చెప్పే మాట ఇది. జాబ్ మేళాల్లో వందల మందిని చూసినవాళ్లు మీ మెయిల్ చదవకపోవచ్చు, అయినా పంపండి. వాట్సాప్‌లో మాత్రం, వాళ్లుగా ముందు మెసేజ్ పెడితే తప్ప, గుడ్ మార్నింగులు పంపకండి.

సర్కారు కొలువుల దారి వేరు. కేంద్రంలో గ్రూప్-సి, గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. అక్కడ వెబ్‌సైటులో ఫలితాలు చూసుకోవడమే పని.

ఎదురుచూపు రోజుల్లో

నేను డిగ్రీ అయిన కొత్తలో మా ఇంట్లో ఫోను లేదు. రెజ్యూమేలో పక్కింటివాళ్ల పీపీ నంబరు రాశాను. వాళ్లు పెళ్లికని ఊరెళ్లిన మూడు రోజుల్లోనే నేను ఇంటర్వ్యూకి వెళ్లిన కంపెనీ నుంచి ఫోన్లు వచ్చాయట. నాకు తెలిసి పరుగెత్తేసరికి ఆ చోటు నిండిపోయింది. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. రీచార్జి అయిపోనివ్వకండి. కొత్త నంబరని ఫోను కట్ చేయకండి. మెయిల్లో స్పామ్ ఫోల్డరు రోజుకోసారి తెరవండి. రెజ్యూమేలో ఇంట్లోవాళ్ల నంబరు కూడా ఒకటి ఇచ్చి, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

"ఏటైంది బాబూ, ఉజ్జోగం వచ్చేసిందా?" అని మన చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి దగ్గర ఒకరు, సంతలో ఒకరు అడుగుతూనే ఉంటారు. "ఫలానా తేదీకి చెబుతామన్నారు పిన్నీ" అని నిజం చెప్పేయండి. ఈలోగా మిగతా చోట్లకి దరఖాస్తులు ఆపకండి. ఒక్క కంపెనీ మీదే ఆశ పెట్టుకుని నెల్లాళ్లు ఇంట్లో కూర్చున్న పిల్లల్ని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

వాళ్లు చెప్పిన తేదీ దాటాక రెండు పనిదినాలు ఆగి ఒక మెయిల్ పెట్టండి. మరో వారానికీ జవాబు లేకపోతే ఆఫీసు వేళల్లో ఒక ఫోను. "నమస్తే సార్, చోడవరం నుంచి మాట్లాడుతున్నాను. ఫలానా తేదీన ఇంటర్వ్యూకి వచ్చాను. ఎప్పటికి తెలుస్తుందో కనుక్కుందామని చేశానండీ." అంతే. ఆ తర్వాత ఇక అడగొద్దు. రాలేదని తెలిస్తే, మళ్లీ ఖాళీలు వచ్చినప్పుడు కబురు చేయమని ఒక్క ముక్క రాసి ఊరుకోండి.

డబ్బు అడిగితే అక్కడే ఆగండి

"మీరు సెలెక్టయ్యారు, రిజిస్ట్రేషన్‌కి మూడు వేలు ఫోన్‌పే చేయండి" అని ఫోను వస్తే అది మోసమే. లాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం ఖర్చు, ట్రైనింగ్ ఫీజు, పేరు ఏదైతేనేం. ఆ కంపెనీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకి మీరే చేసి అడగండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. విదేశీ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త కావాలి. డేటా ఎంట్రీ పని అని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును విశాఖ పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

ఆఫర్ లెటర్ చదవడం

ప్యాకేజీ అంటే చేతికొచ్చే జీతమనుకుని మోసపోయినవాళ్లు మన ఊళ్లో చాలామంది. ఒక లెక్క వేసి చూద్దాం. నెల జీతం 18,000, అందులో బేసిక్, డీఏ కలిపి 10,000 అనుకోండి. మీ వంతు పీఎఫ్ 12 శాతం, అంటే 1,200 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, 135. వృత్తి పన్ను 150. మిగిలేది 16,515. కంపెనీ మాత్రం తన వంతు పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 585, గ్రాట్యుటీ కింద 481 కలిపి నెలకి 20,266, ఏడాదికి 2,43,192 అని లెటర్లో వేస్తుంది. అబద్ధమేమీ లేదు, పీఎఫ్ మీ పేరునే జమవుతుంది. అయితే గాజువాకలో గది అద్దె కట్టాల్సింది ఆ 16,515లోంచే. క్యాంటీన్‌కీ కంపెనీ బస్సుకీ కోత ఉందా, బస్సు చోడవరం దాకా వస్తుందా, అనకాపల్లిలో ఎక్కాలా, నైట్ షిఫ్టు దిగాక ఇంటికెలా చేరాలి, అన్నీ అడగండి. బాండు ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది కాగితం మీద చూశాకే సంతకం.

భద్రత గురించి అడగడానికి మన పిల్లలు జంకుతారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. వాళ్లూ ఒకనాడు ఆఫర్ లెటరు పట్టుకుని సంబరంగా ఇంటికొచ్చినవాళ్లే. అందుకని ప్లాంటులో పని అయితే నోరు తెరిచి అడగండి: చేరగానే భద్రతా శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారు? మాస్కులూ గ్లౌజులూ కంపెనీయే ఇస్తుందా? సాల్వెంట్ లీకైతే ఎటు పరుగెత్తాలో ఎవరు చూపిస్తారు? ఈ ప్రశ్నలకి విసుక్కునే చోట నా బిడ్డనైతే నేను చేర్చను.

కాగితాల్లో మీ పేరు

చివరికి అందరినీ ఇరికించేది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో పేరు ముందూ ఇంటిపేరు వెనకా. పీఎఫ్ ఖాతాకి ఆధార్ జోడించేటప్పుడు ఇది తగులుకుంటుంది. పదో తరగతి మెమోలో ఉన్నట్టే మిగతావన్నీ ఉండాలి. రెండోది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4 నుంచి మన చోడవరం అనకాపల్లి జిల్లాలో ఉంది, పాత కార్డుల్లో ఇంకా విశాఖపట్నమే కనిపిస్తుంది. వెరిఫికేషన్ ఫారంలో ఆధార్‌లో ఉన్న చిరునామాయే రాసి, జిల్లా మారిన సంగతి హెచ్‌ఆర్‌కి ఒక మాట చెప్పండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఉంచుకుంటామంటే ఎందుకో అడగండి, రసీదు లేకుండా ఇవ్వకండి.

పేరు దిద్దించుకోవడానికి రోజులు పడతాయి, అదీ ఒక్కసారి వెళ్తే అయ్యే పని కాదు. జాయినింగ్ డేట్ వచ్చాక మొదలుపెడితే కంగారు తప్పదు. ఇంటర్వ్యూ నుంచి వచ్చిన వారంలోనే, ఫోను కోసం చూస్తూ కూర్చునే ఆ రోజుల్లోనే, మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లిరండి.