ఫొటోకు తీసిన సమయమే పేరు: షెల్ స్క్రిప్ట్‌తో ఫైళ్ల పేర్లు మార్చడం

పెళ్లిలో కెమెరాతో ఒకరు, ఫోన్లతో నలుగురు ఫొటోలు, వీడియోలు తీస్తారు. తర్వాత వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో చేర్చితే వరుస తప్పుతుంది. ఒకే పేరున్న రెండు ఫైళ్లు తారసపడితే ఒకటి చెరిగిపోయే ప్రమాదమూ ఉంది. వేల ఫైళ్ల పేర్లను చేత్తో మార్చడం కష్టం. ఆ పనిని చిన్న షెల్ స్క్రిప్ట్‌కు అప్పగించవచ్చు. అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం.

పేర్లు ఎందుకు కలుస్తాయి?

డిజిటల్ కెమెరాలు చాలావరకు డీసీఎఫ్ అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. దాని ప్రకారం ఫైలు పేరులో నాలుగు అక్షరాలు, వాటి తర్వాత 0001 నుంచి 9999 వరకు ఒక సంఖ్య ఉంటాయి. 9999 దాటగానే లెక్క మళ్లీ 0001కి వస్తుంది. అంటే కొత్త ఫొటోకు పాత ఫొటో పేరే పడుతుంది. ఒకే కంపెనీ కెమెరాలు రెండు ఉంటే పేర్లు ఇంకా త్వరగా కలుస్తాయి.

అసలు తేదీ ఎక్కడుంది?

ఫోల్డర్‌లో కనిపించే 'మార్చిన తేదీ'ని నమ్మలేం. ఫైలును కాపీ చేసినా, దిద్దినా అది మారిపోవచ్చు. ఫొటో తీసిన సమయాన్ని కెమెరా ఫైలు లోపలే 'ఎగ్జిఫ్' అనే సమాచార భాగంలో సెకనుతో సహా రాస్తుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ దాన్ని చదివి చెబుతుంది.

కొత్త పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, సమయం రావాలి. ఉదాహరణకు 2024-02-18_034005. ఐఎస్‌ఓ 8601 ప్రమాణం చెప్పే వరుస ఇదే. ఇలా రాస్తే పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. మనకు అలవాటైనట్టు రోజును ముందు రాస్తే అన్ని నెలల 18వ తేదీలూ ఒకచోట చేరతాయి.

స్క్రిప్ట్ చేసే పని

షెల్ అంటే కంప్యూటర్‌కు ఆదేశాలను అక్షరాల్లో అందించే ప్రోగ్రామ్. లినక్స్‌లో విస్తృతంగా వాడే 'బాష్' 1989లో వచ్చింది. స్క్రిప్ట్‌లో 'ఫర్' అనే ఆవృత్తి ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకుంటుంది. ఎగ్జిఫ్‌టూల్‌తో తేదీ చదివి, కొత్త పేరు కూర్చి, చివరి జేపీజీ లేదా ఎంపీ4 భాగాన్ని అలాగే ఉంచుతుంది. తర్వాత 'ఎంవీ' ఆదేశంతో పేరు మారుస్తుంది. స్క్రిప్ట్‌లో ఫైలు పేరును సూచించే చరరాశిని జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. లేకపోతే ఖాళీ ఉన్న పేరును షెల్ రెండు పేర్లుగా విడగొడుతుంది.

వీడియోల దగ్గర ఐదున్నర గంటల తేడా

ఫొటోలో సాధారణంగా స్థానిక సమయం ఉంటుంది. ఎంపీ4, ఎంఓవీ వీడియోల ప్రమాణం మాత్రం సమయాన్ని 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా, యూటీసీలో రాయమంటుంది. భారత కాలమానం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తెల్లవారుజామున 3:40కి ముహూర్తమైతే, అప్పుడు తీసిన ఫొటోకు ఆ రోజు తేదీ, వీడియోకు ముందు రోజు రాత్రి 10:10 పడతాయి. తలంబ్రాల వీడియో ఎదురుకోలు ఫొటోల మధ్య చేరుతుంది!

వీడియో సమయాన్ని స్థానిక సమయంగా మార్చే ఐచ్ఛికం ఎగ్జిఫ్‌టూల్‌లో ఉంది. కానీ కొన్ని కెమెరాలు ప్రమాణాన్ని పాటించక స్థానిక సమయాన్నే రాస్తాయి. అందుకే ప్రతి పరికరం నుంచి సమయం తెలిసిన ఒక వీడియోను ముందుగా పరీక్షించాలి.

ఒక్క ఫొటో కూడా పోకుండా

స్క్రిప్ట్‌లో వాడినప్పుడు 'ఎంవీ' సాధారణంగా హెచ్చరించదు. ఆ పేరుతో ఫైలు అప్పటికే ఉంటే దాని స్థానంలో కొత్తది పెట్టేస్తుంది. వరుసగా క్లిక్ చేసినప్పుడు ఒకే సెకనులో అనేక ఫొటోలు పడతాయి కాబట్టి ఈ ప్రమాదం నిజమైనదే. పేరు చివర 1, 2 అని వరుస సంఖ్య చేర్చాలి. 'ఎంవీ'కి 'హైఫన్ ఎన్' తగిలిస్తే ఉన్న ఫైలు చెరగదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో తీసిన సమయం సాధారణంగా ఉండదు. అలాంటి వాటికి తేదీ ఊహించకుండా స్క్రిప్ట్ వాటిని విడి ఫోల్డర్‌లో పెట్టాలి.

మొదటిసారి 'ఎంవీ' ముందు 'ఎకో' చేర్చి నడిపితే పేర్లు మారవు, ఏ ఫైలుకు ఏ పేరు వస్తుందో తెర మీద కనిపిస్తుంది. జాబితా సరిగా ఉందనుకున్నాకే, అదీ నకలు ఫోల్డర్ మీదే, అసలు పని మొదలుపెట్టాలి. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఒక ఫైలులో రాసి ఉంచితే, తప్పు దొర్లినా వెనక్కి తిప్పుకోవచ్చు.