ఆంప్ పోయిందని ఎవరు చెప్పారు?

మా మావయ్య పి.గన్నవరం దగ్గర కారు కిరాయికి తిప్పుతారు. పెళ్లి కిరాయిలే ఎక్కువ. పెళ్లివాళ్లు ఏసీ లేకపోయినా సర్దుకుంటారేమో గానీ, పాటలు ఆగిపోతే మాత్రం ఊరుకోరు. ఆ మధ్య సరిగ్గా అదే జరిగింది. సౌండ్ పెంచగానే పాట ఆగిపోవడం, రెండు సెకన్లకి మళ్లీ రావడం. మావయ్య నాకు ఫోన్ చేసి, "ఏరా అల్లుడూ, ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, ఏమై ఉంటుంది?" అన్నారు. నేను హాస్టల్ మంచం మీద పడుకునే, "ఆంప్లిఫయర్ పోయింది మావయ్యా, కొత్తది పెట్టించండి" అనేశాను. ఆయన 6,500 పెట్టి కొన్నారు. తర్వాతి పెళ్లికి కొత్తది కూడా అదే పని చేసింది.

నేను చదివేది సీఎస్ఈ. ప్రోగ్రాం క్రాష్ అయితే లాప్‌టాప్ మార్చేయం కదా! తప్పు ఏ లైన్లో ఉందో సగం సగం చేసుకుంటూ వెతుకుతాం. కారు దగ్గర నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. సెలవులకి వెళ్లినప్పుడు ఓ మామూలు మల్టీమీటర్ పట్టుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నా.

ఆంప్ లేచి పనిచేయడానికి మూడు వైర్లు కావాలి. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పవర్ వైరు, కారు బాడీకి బిగించే గ్రౌండ్ వైరు, స్టీరియో ఆన్ అవగానే "ఇక లే" అని చెప్పే సన్నటి రిమోట్ వైరు. పాట వేరే దారిలో, ఆర్‌సీఏ కేబుల్లో వస్తుంది.

ఆంప్ లైటు అసలు వెలగకపోతే: ముందు ఫ్యూజులు చూడండి. బ్యాటరీ దగ్గర ఒకటి, ఆంప్ మీద ఒకటి ఉంటాయి. తర్వాత గ్రౌండ్‌కీ పవర్‌కీ మధ్య, గ్రౌండ్‌కీ రిమోట్‌కీ మధ్య 12 వోల్టులు ఉన్నాయో లేదో కొలవండి. కాలిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజు మాత్రం వేయొద్దు. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరే.

లైటు వెలిగినా పాట రాకపోతే: ఆర్‌సీఏ పీకేసి, వాల్యూమ్ బాగా తగ్గించి ఫోన్ నుంచే పాట ఇవ్వండి. పాడితే ఆంప్ మంచిదే. తప్పు స్టీరియోలోనో కేబుల్లోనో ఉంది.

ప్రొటెక్ట్ లైటు ఎర్రగా వెలుగుతుంటే: స్పీకర్ వైర్లన్నీ తీసేయండి. ఎరుపు పోతే ఒక్కొక్కటీ తిరిగి కలపండి. ఏది కలిపినప్పుడు ఎరుపు వస్తే తప్పు అక్కడ. 4 ఓముల స్పీకరు మీటర్లో సుమారు 3 నుంచి 4 చూపించాలి. తలుపు సందులో నలిగి బాడీకి తగిలే వైర్లే చాలాసార్లు దొంగలు. మూడు వైర్లు మాత్రమే ఉంచి, వోల్టేజీ సరిగ్గా ఉన్నా ఎరుపు పోలేదంటే, అప్పుడు ఆంప్ లోపలే పాడైంది.

మా కారుకి ఇవేవీ కావు. సౌండ్ పెంచితేనే తేడా. గ్రౌండ్ మీద అనుమానం వచ్చి మీటర్ని ఓముల్లో పెట్టి చూశా. 0.5 చూపించింది. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.3 వస్తోంది. అంటే గ్రౌండ్‌ది 0.2. "అంతేగా" అనుకుని వదిలేయబోయాను. కానీ ఓమ్ సూత్రం పెట్టి చూస్తే, 20 ఆంపియర్లు పారినప్పుడు 0.2 ఓము దగ్గర 4 వోల్టులు పోతాయి. చిన్నగా పాడినప్పుడు కరెంటు తక్కువ కాబట్టి ఏమీ తెలియదు.

అందుకే కొలత కూడా పాట గట్టిగా మోగుతున్నప్పుడే తీయాలి. ఇంజన్ ఆన్ చేసి సౌండ్ పెంచాం. బ్యాటరీ దగ్గర 13.6, ఆంప్ దగ్గర 9.8! ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఆంప్ గ్రౌండ్ మీద పెడితే 3.4. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదు. మిగతా 0.4 పవర్ వైర్లో పోతోంది. వోల్టేజీ అంతగా పడితే ఆంప్ తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది.

డిక్కీలో కార్పెట్ ఎత్తాం. గ్రౌండ్ బోల్టు తుప్పుముద్ద. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17 లక్షలకి. అప్పుడు మావయ్య కారులోకి అడుగు మ్యాట్ దాకా నీళ్లొచ్చాయి. సీటు వెనక ఎత్తులో ఉన్న ఆంప్ తడవలేదు గానీ, కింద బోల్టు తడిసింది. పైన కార్పెట్ ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. బ్యాటరీ మైనస్ తీసేసి, పెయింటు పోయి మెరిసే ఇనుము కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త బోల్టు బిగించి, పైన గ్రీజు రాశాం. 3.4 కాస్తా 0.1 అయింది.

మీ ఆంప్ నిజంగానే పోయిందని తేలితే, మార్చే ముందు అది ఎందుకు పోయిందో కనుక్కోండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అంకె కాదు, ఆర్‌ఎంఎస్ వాట్లు చూడండి. ఛానల్‌కి 50 చొప్పున నాలుగు ఛానళ్లంటే 200 వాట్లు. క్లాస్ ఏబీ అయితే సామర్థ్యం సుమారు 60 శాతం కాబట్టి 330 వాట్ల దాకా లాగుతుంది. 13.8తో భాగిస్తే 24 ఆంపియర్లు. వైరూ ఫ్యూజూ దానికి సరిపోవాలి. విప్పే ముందు వైర్ల ఫొటో తీసుకోండి. బ్యాటరీ మైనస్ అందరికంటే ముందు తీయాలి, అందరికంటే చివర పెట్టాలి. గెయిన్ అడుగునుంచి మొదలుపెట్టి, పాట చీలకముందే ఆపాలి.

చివరికి అటక మీద పడేసిన పాత ఆంప్ దించి కలిపి చూశాం. ఫుల్ సౌండ్‌లో కూడా ఆగకుండా పాడింది. నేను మావయ్య మొహం చూడలేకపోయాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పుడు కారెక్కిన ప్రతి పెళ్లివాళ్లకీ మాత్రం చెబుతున్నారట: "ఆయ్, మా కారుకి ఆరున్నర వేల బోల్టుందండి, మా అల్లుడు పెట్టించాడు."