పెరటి నేలపై పరుల హక్కు

బెంగళూరు పాత పేటలలో పొరుగిళ్ల మధ్య తరచుగా తలెత్తే తగవు ఒకటి ఉన్నది. ఒక ఇంటివారు పెరటి గోడనానుకొని ఇనుప కమ్మీలు పాతి, పైన రేకులు పరచి, పాత సామాను పెట్టుకొనడానికి షెడ్డు వేస్తారు. కింద గచ్చు చేయిస్తారు. వానాకాలం రాగానే ఎగువ ఇంటి స్నానాలగదిలోకి మురుగు ఎగదన్నుతుంది. వరుస ఇళ్ల మురుగంతా పోయే పైపు ఆ షెడ్డు కిందుగా ఉన్నదనీ, మ్యాన్‌హోల్ మూత గచ్చులో కప్పబడిపోయిందనీ అప్పుడు బయటపడుతుంది. “మా స్థలంలో మేము వేసుకొన్నాము, మీకేమిటి?” అని ఒకరు, “మా ఇంట్లోకి మురుగు వస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?” అని మరొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం కొంత ఉన్నది. అది ఎంతవరకన్నది తెలియకపోవడం వల్లనే తగవు ముదురుతుంది.

మొదట తేల్చుకొనవలసినది, ఆ నేల ఎవరిదన్న సంగతి. 19వ శతాబ్దం చివర రూపుదిద్దుకొన్న బసవనగుడి, మల్లేశ్వరం వంటి పేటలలో ఇళ్ల వెనుక సన్నని సందులు విడిచిపెట్టారు. పాయఖానాలు శుభ్రం చేసేవారు, వారి బండ్లు ముందు వీధిలోకి రాకుండా ఈ సందుల గుండానే సాగేవి. వీటికి కన్సర్వెన్సీ సందులని పేరు. భూగర్భ మురుగు వ్యవస్థ వచ్చిన తరువాత బండ్లు పోయినా సందులు మిగిలాయి. ఏ ఇంటికి ఆ ఇల్లు కొంత కలుపుకొనగా నేడు కొన్నిచోట్ల వాటి ఆనవాలు కూడా కనబడదు. అట్టి సందులో వేసిన షెడ్డు విషయంలో వాదానికి తావే లేదు. అది ప్రజల దారిపై ఆక్రమణ. చాలాకాలంగా ఉన్నదనడం కూడా పెద్దగా అక్కరకు రాదు. చేజారిన ప్రజావీధిని తిరిగి పొందడానికి దావా వేయుటకు స్థానిక సంస్థకు 1963 నాటి కాలపరిమితి చట్టం 30 సంవత్సరాల గడువిచ్చింది.

చిక్కంతా నేల ఇంటి యజమానిదే అయి, కింది పైపు అందరిదీ అయినప్పుడు వస్తుంది. పాత క్రయపత్రాలలో నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ అష్టభోగాలూ కొనుగోలుదారునికే సంక్రమిస్తాయని వ్రాసేవారు. ఆ ధాటికి, ఆకాశం నుండి పాతాళం వరకు సర్వం తనదేనని కొన్నవారు అనుకోవడంలో వింత లేదు. కాని అదే పత్రంలో మరొకచోట “ఈజ్‌మెంటు హక్కులతో సహా” అన్న మాట కూడా ఉంటుంది. ఆ హక్కులు కొన్నవారికి పొరుగు నేలపై ఎట్లు వస్తాయో, పొరుగువారికి కొన్న నేలపై అట్లే ఉండవచ్చు. ఒకరి నేలను మరొకరు తమ ఆస్తి సౌకర్యం కొరకు పరిమితంగా వాడుకొనే హక్కే ఈజ్‌మెంటు. దీనికి ఆధారం 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం.

ఆ చట్టం వ్రాసినవారు సెక్షన్ల కింద చిన్న చిన్న దృష్టాంతాలు చేర్చారు. నియమాల కంటె అవే సుబోధకంగా ఉంటాయి. 27వ సెక్షన్ కింద ఒకటి: ఒకరి నేల గుండా మరొకరికి దారి హక్కు ఉన్నది. నేల యజమాని ఆ దారిలో మొలచిన గడ్డిని తన పశువులకు మేపుకొనవచ్చు. దారికి అడ్డుగోడ కట్టరాదు, దారిని ఇరుకు చేయనూరాదు. పెరటి షెడ్డు తగవుకు కావలసిన సూత్రం ఇందులోనే ఉన్నది. పైపు పోతున్నంత మాత్రాన పెరడు పరులది కాదు. అక్కడ పూలకుండీలు పెట్టవచ్చు, బట్టలు ఆరవేయవచ్చు. ఎత్తి పక్కన పెట్టగలిగినదేదైనా ఉంచవచ్చు. మూతను కప్పివేసే గచ్చు, పైపు వద్దకు చేరనివ్వని గోడ మాత్రం కూడవు.

24వ సెక్షన్ అవతలివారికి హద్దు గీస్తుంది. పైపు వేసుకొనే హక్కు ఉన్నవారు దానిని బాగుచేయడానికి పరుల నేలలో ప్రవేశించి తవ్వవచ్చు, కాని పైభాగాన్ని మునుపటి స్థితికి తేవలసిన బాధ్యత వారిదే. తవ్విన మట్టి కుప్పను వదలి వెళ్లిపోవడం ఆ హక్కులో చేరదు. అదనపు అంతస్తులు కట్టి, వాటి మురుగంతటినీ ఆ సన్నని పైపులోకే మళ్లించి పొరుగు నేలపై భారం పెంచడం కూడా చేరదు. షెడ్డు వేసినవారి ఫిర్యాదులలో ఈ రెండూ తరచు నిజమైనవే. వాటిని వినకుండా షెడ్డును మాత్రమే వేలెత్తి చూపడం న్యాయం అనిపించుకోదు.

“పాత యజమాని ఒప్పుకొన్నారు” అన్న మాట ఈ తగవులలో తప్పక వినబడుతుంది. నోటిమాటగా ఇచ్చిన సమ్మతిని చట్టం లైసెన్సుగా పరిగణిస్తుంది. 59వ సెక్షన్ ప్రకారం, ఇచ్చినవారు ఆస్తిని అమ్మివేస్తే కొన్నవారు దానికి కట్టుబడనక్కరలేదు. పైగా ఒక పొరుగువారి ఒప్పుదల, అదే పైపుపై ఆధారపడిన తక్కిన ఇళ్లవారి హక్కును తీసివేయలేదు.

ఇంతవరకు చెప్పినది ఇళ్లవారి సంగతి. ఈ తగవులో నోరు విప్పని మూడవవారు ఒకరున్నారు. మూత దొరకనప్పుడు, జెట్టింగ్ యంత్రం గొట్టం చేరలేనప్పుడు, గచ్చు పగులగొట్టి ఒక మనిషిని లోపలికి దించుదామన్న ఆలోచన వస్తుంది. మురుగు కాల్వలోని విషవాయువు కొన్ని నిమిషాలలోనే ప్రాణం తీయగలదు. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 నాటి చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. ఈ నిషేధం ప్రభుత్వ సంస్థలకే పరిమితం కాదు, కూలి ఇచ్చి పిలిపించిన ఇంటివారికి కూడా వర్తిస్తుంది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేక రెండూ ఉండవచ్చు. మురుగు కాల్వలలో మరణించినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. బెంగళూరు పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. ఈ పనిని రూపుమాపడానికి పాటుపడి 2016లో మెగసెసే పురస్కారం పొందిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలోని అట్టి తెలుగు కుటుంబం నుండే వచ్చారు. షెడ్డు కింద కప్పబడిన మూత ఖరీదు ఎవరు చెల్లిస్తారో ఇళ్లవారు ఇరుపక్షాలా ఆలోచించవలసి ఉన్నది.

షెడ్డు మీదుగా కరెంటు తీగ పోతుంటే ప్రమాదం పైనుండి కూడా ఉంటుంది. ఇళ్లకు సరఫరా ఇచ్చే తీగ కట్టడం పక్కగా పోతే 1.2 మీటర్లు, పైగా పోతే 2.5 మీటర్లు ఎడం ఉండాలి. 11 కిలోవోల్టుల తీగ పైగా పోతే 3.7 మీటర్లు కావాలి. వంచి ఎత్తిన ఇనుప రేకు ఈ ఎడాన్ని ఎంత సులువుగా దాటుతుందో రేకులు వేసే మేస్త్రీలకు తెలిసినదే.

తగవు పడినవారు షెడ్డంతా పీకించాలని పట్టుబట్టనక్కరలేదు. పైపు మీది మేర విడిచి షెడ్డును జరుపుకోవడం, గచ్చులో మూతకు చోటు తీసి పైకెత్తడం, బాగుచేతకు వచ్చేవారికి దారి విడుస్తామని కాగితంపై వ్రాసుకోవడం చాలాచోట్ల సరిపోతాయి. నోటీసు వస్తే కన్నడంలో ఉన్నదని పక్కన పడవేయరాదు. అందులో చరండి అంటే మురుగు కాల్వ, ఒళచరండి అంటే భూగర్భ మురుగు వ్యవస్థ. గడువులోగా వ్రాతపూర్వకంగా సమాధానమిచ్చి, దాఖలా చేసినట్టు ముద్ర వేయించుకోవాలి. తగవు పొరుగువారితో కాక మురుగు సేవలు అందించే సంస్థతో అయితే, కోర్టుకెక్కక ముందు శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. ప్రజా పారిశుద్ధ్యం, నీరు, విద్యుత్తు సరఫరాలు దాని పరిధిలోనివే. అక్కడ కోర్టు రుసుము లేదు.

ఇల్లు కొనబోయేవారు ఒకటి గమనించాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, నేల కింది పైపు అందులో కనబడదు. క్రయపత్రంలోని చెక్కుబందిని దగ్గర పెట్టుకొని పెరడు కొలిపించి, మూతలు ఎక్కడెక్కడ ఉన్నవో ఎగువ ఇంటివారినీ దిగువ ఇంటివారినీ అడిగి, పత్రం వెనుక గీసి ఉంచుకొంటే గచ్చు వేయించేనాడు మేస్త్రీకి చూపవచ్చు.