సాయంకాలపు కూలివాడు

పాఠము: మత్తయి 20:1-16



కొంతకాలము క్రిందట మా గ్రామములో ఒకనిని సమాధి చేసితిమి. అతడు జీవితమంతయు త్రాగుడులో గడిపి, మంచము పట్టిన పిమ్మట ప్రభువును నమ్మి, బాప్తిస్మము పొంది, రెండు మాసములకే నిద్రించెను. తిరిగి వచ్చుచుండగా సంఘపెద్ద యొకరు, "అయ్యగారూ, పసితనం నుండి గుడి మానని మాకూ, రెండు నెలలవాడికీ ఒకటే పరలోకమా?" అని అడిగిరి. నేను జవాబు చెప్పలేకపోతిని. ఆ ప్రశ్న నాలోను ఉండెను.

పేతురు కూడ ఇట్టి ప్రశ్ననే అడిగెను. అన్నియు విడిచి వెంబడించిన మాకేమి దొరకునని అతడడిగిన పిమ్మట (19:27) ప్రభువు ఈ ఉపమానము చెప్పెను. యజమానుడు ఉదయమున, 9, 12, 3, 5 గంటలకు కూలివారిని పిలిచి, చివర అందరికిని ఒక్కొక్క దేనారమిచ్చెను. దేనారమనగా ఆనాటి ఒక దినపు కూలి.

2వ శతాబ్దపు ఐరేనియసు ఆ వేళలను లోకారంభమునుండి దేవుడు మనుష్యులను పిలిచిన యుగములుగా ఎంచెను. 3వ శతాబ్దపు ఒరిగెను వాటిలో బాల్యము మొదలు వృద్ధాప్యమువరకు గల ప్రాయములను కూడ చూచెను. 4వ శతాబ్దపు క్రిసోస్తము, ఉపమానములోని ప్రతి మాటకును అర్థము వెదకక, దాని ముఖ్యోద్దేశమును పట్టుకొనుడని బోధించెను. ఆ ఉద్దేశమును గ్రహించుటకు రెండు సంగతులు గమనింతము.

మొదటిది, 5 గంటలవరకు నిలిచినవాని దుఃఖము. నాట్ల దినములలో కూలికై ఎదురుచూచినవారికి ఇది తెలియును. ఉదయమున పిలువబడినవాడు ఎండలో వంగినను, రాత్రి పిల్లలకు గంజి కలదను ధైర్యముతో వంగెను. పిలువబడనివాడు నీడలో నిలిచినను, దినమంతయు ఆకలి భయమును మోసెను. తోటలో గడిపిన దినము నష్టము కాదు, అదియు కృపయే.

రెండవది, కూలి ఇచ్చిన వరుస. ముందు వచ్చినవారికి ముందే ఇచ్చియుండిన యెడల వారు సంతోషముతో ఇంటికి పోయియుందురు. యజమానుడు కడవరివారితో మొదలుపెట్టించెను. అందువలన వారిలో దాగియున్న మంట బయటపడెను. గ్రీకు మూలములో దానికి 'చెడ్డ కన్ను' అను పలుకుబడి కలదు. తన చేతిలో నిండు కూలి యుండగా, వాని కన్ను పొరుగువాని అరచేతిమీద నుండెను. అయినను యజమానుడు వానిని స్నేహితుడా అనియే పిలిచెను.

సణిగినవాడు ఏమి బదులు చెప్పెనో ఉపమానములో లేదు. ఆ జవాబు మనమే చెప్పవలెను.

మరుసటి వారము ఆ పెద్ద ఇంటికి పోయి ఈ సంగతులు చెప్పితిని. "వాడు గడిపిన ఆ యేండ్లను మీకిత్తుమన్న తీసికొందురా?" అని అడిగితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "వద్దు అయ్యగారూ" అనిరి. తరువాత ఆ విధవరాలి యింట ప్రార్థన పెట్టుదమని ఆయనే అడిగిరి.

ప్రార్థన: ప్రభువా, నీవు మా పొరుగువానికి ఇచ్చినదానినిబట్టి మాకును సంతోషము నిమ్ము. ఆమేన్.