రాట్నం వడికే స్త్రీలు – ఒక బరోక్ పురాణ చిత్రం

సాలీడు, తేలు చేరిన తరగతిని 'అరాక్నిడా' అని జంతుశాస్త్రంలో చదువుకున్నాం. గ్రీకులో అరాక్నీ అంటే సాలీడు. పురాణంలో అదే ఒక నేతగత్తె పేరు. ఆమె కథను స్పెయిన్ చిత్రకారుడు డీగో వెలాస్కెజ్ (1599–1660) తన చివరి దశలో చిత్రించాడు. ఆ చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. దానిని హాస్టల్ మిత్రులకు పరిచయం చేయడమే మా ఉద్దేశం.

కథ: రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రకారం అరాక్నీ గొప్పింటి పిల్ల కాదు. తండ్రి ఉన్నికి రంగులు వేసేవాడు. ఆమెకు పేరు తెచ్చింది చేతిపనే. తన విద్య మినర్వా దేవి నేర్పింది కాదనడంతో ఇద్దరికీ పోటీ జరిగింది. దేవతలు చేసిన మోసాలనే అరాక్నీ బొమ్మలుగా నేసింది. ఆ పనితనంలో దేవికి తప్పు దొరకలేదు. అయినా కోపంతో బట్టను చింపి, నాడెతో నుదుట కొట్టి, చివరకు ఆమెను సాలీడుగా మార్చింది.

చిత్రం: ముందు భాగంలో ఐదుగురు పనివారు. ఎడమవైపు ముసలామె రాట్నం తిప్పుతోంది. కుడివైపు తెల్లరవికె అమ్మాయి మనకు వీపు చూపి దారం చుడుతోంది. వెనుక, వెలుగు పడే గదిలో శిరస్త్రాణం ధరించిన దేవి చేయెత్తి నిలిచింది. ఎదుట అరాక్నీ, ఆమె వెనుక బొమ్మలు నేసిన తెర. ఆ తెరపై ఉన్నది టీషియన్ గీసిన 'యూరోపా అపహరణ' చిత్రమే. అంటే నేతగత్తెను మహాచిత్రకారుని సరసన నిలిపాడన్నమాట.

శైలి: 17వ శతాబ్దపు బరోక్ కళకు వెలుగునీడల తేడా, కదలిక, ఉద్వేగభరితమైన క్షణం ప్రధాన లక్షణాలు. ఇక్కడ రాట్నం ఆకులు గీయలేదు. మసక మెరుపు మాత్రమే ఉంది. అందుకే అది తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అయితే అసలు ఘట్టాన్ని వెనక్కి పంపి, శ్రమను ముందు పెట్టడం వెలాస్కెజ్ ప్రత్యేకత. అందువల్లనే చాలాకాలం దీనిని నేతశాల దృశ్యమనే అనుకున్నారు. 1664 నాటి ఒక ఆస్తి జాబితాలో ఇది 'అరాక్నీ కథ'గా నమోదైన సంగతి 1948లో వెలుగులోకి వచ్చింది.

ఆనాటి స్పెయిన్‌లో చేతిపనితో బ్రతికేవారికి ప్రభువుల హోదా దక్కేది కాదు. శాంటియాగో వీరుల శ్రేణిలో 1659లో చేరడానికి ముందు, వెలాస్కెజ్ బొమ్మలు అమ్ముకొని బ్రతకలేదని సాక్షులు చెప్పవలసి వచ్చింది! అటువంటి రోజుల్లో ఆయన పనిచేసే చేతులకే పెద్దపీట వేశాడు.

కష్టజీవుల ఇళ్ళ నుండి చదువుకు వచ్చిన మనం ఈ చిత్రాన్ని ఎక్కడ చూసినా, ముందుగా ఆ చేతులను చూద్దాం. దేవతను తర్వాత చూడవచ్చు.